తరగతి గదిలో క్రిస్మస్ అలంకరణల తయారీ: చేగుంట, మెదక్ ప్రాంతం

డిసెంబరు మూడో వారంలో బడిపిల్లలు కాగితం, అట్ట, పుల్లలు, ఆకులు, మట్టి వంటి చవక సరుకుతో నక్షత్రాలు, గొలుసులు, తోరణాలు, పశువుల పాక బొమ్మలు తయారుచేసి గదిని అలంకరించుకునే పని ఇది. ఉపాధ్యాయుల వాడుకలో ఇలాంటి పనిని ‘కృత్యం’ అంటారు. లెక్క, కొలత, ఆకారం, వెలుతురు, సూచనలు చదివి అర్థం చేసుకోవడం ఒక్క పనిలోనే కలిసి రావడం దీని బలం. గది అందంగా కనిపించడం అసలు ప్రయోజనం కాదు. ఎక్కడ మడవాలి, ఎంత కొయ్యాలి, ఎన్ని కావాలి అనే నిర్ణయాలు పిల్లల చేతిలో ఉన్నంతవరకే అలంకరణ పాఠం అవుతుంది. ఆ నిర్ణయాలు టీచరు చేసేస్తే మిగిలేది ముస్తాబు.

చేగుంట మెదక్ జిల్లాలో మండల కేంద్రం. హైదరాబాదు నుంచి నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద తూప్రాన్, రామాయంపేటల మధ్య ఉంది. దగ్గరి రైల్వే స్టేషన్ వడియారం. వరి, మక్కజొన్న, పత్తి పండే పల్లెలు, దగ్గర్లో పరిశ్రమలు, రోడ్డు పక్కన ప్రైవేటు బడులు, ఊళ్లలో సర్కారు బడులు ఉన్న ప్రాంతం. జిల్లా కేంద్రం మెదక్‌లోని పెద్ద చర్చి వల్ల ఇక్కడి పిల్లలకు క్రిస్మస్ పరాయి పండుగ కాదు. ఏ మతం వాళ్లయినా చాలామంది ఒక్కసారైనా అక్కడి క్రిస్మస్ జాతర చూసే ఉంటారు.

మెదక్ చర్చి నేపథ్యం

మెదక్ కెథడ్రల్‌ను కట్టించినవాడు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. 1914లో మొదలైన నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో కూలికి బదులు తిండి గింజలు ఇచ్చి వేలమందికి పని చూపించిన కట్టడమని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ, ఏర్పడినప్పుడు ఇది మెదక్ డయోసిస్‌కు కేంద్రమైంది. 2024 డిసెంబరు 25న జరిగిన శతాబ్ది వేడుకలకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చారు.

తరగతి గదికి పనికొచ్చేది మాత్రం గోపురం కంటే కిటికీలు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాలను రంగు గాజు ముక్కలతో కూర్చిన పెద్ద కిటికీలవి. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించాడు. గాజు ముక్కల మీద బయటి వెలుతురు పడితేనే లోపలున్నవాళ్లకు బొమ్మ కనిపిస్తుంది. పొద్దుగూకితే ఎన్ని దీపాలు వెలిగించినా లోపలినుంచి కిటికీ నల్లగానే ఉంటుంది. చర్చి చూసొచ్చిన ఆరో తరగతి పిల్లవాడు ఈ సంగతి గమనించాడంటే పారదర్శకత పాఠంలో సగం అయిపోయినట్టే.

బడుల్లో ఈ పండుగ జరిగేది డిసెంబరు 25న కాదు. తెలంగాణలో 25, 26 తేదీలు రెండూ సెలవు, మిషన్ బడులకైతే సెలవులు ఇంకొన్ని రోజులు ఎక్కువ. అందుకే అంతకు ముందు వారంలోనే ఒక రోజు ‘సెమీ క్రిస్మస్’ పేరుతో వేడుక చేసేస్తారు. ఆ పూట కేకు, శాంతా క్లాజ్ వేషం, ఒక నాటిక, రెండు మూడు డాన్సులు ఉంటాయి. అలంకరణ పని అంతా దానికి ముందు నాలుగైదు రోజుల్లో నడుస్తుంది. అర్ధ సంవత్సర పరీక్షలు అప్పటికి ముగిసిన బడుల్లో సిలబస్ ఒత్తిడి తగ్గి ఉంటుంది కనుక కృత్యానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు.

గణిత పాఠంగా పుట్టిన నక్షత్రం

ప్రపంచంలో బాగా పేరున్న క్రిస్మస్ అలంకరణల్లో ఒకటి నేరుగా లెక్కల తరగతిలో పుట్టింది. జర్మనీలో మొరేవియన్ క్రైస్తవులు నీస్కీ అనే ఊళ్లో మగపిల్లల బడి నడిపేవారు. 19వ శతాబ్దం తొలి భాగంలో అక్కడి విద్యార్థులకు ఘనాకారాలు నేర్పడానికి కాగితంతో అనేక కొమ్ముల నక్షత్రం చేయించేవారు. సెలవులకు ఇళ్లకు పోయిన పిల్లలు అదే పని తోబుట్టువులకు నేర్పారు. ఆ బడిలో చదువుకున్న పీటర్ ఫెర్బీక్ 1880 ప్రాంతంలో తన పుస్తకాల దుకాణంలో వాటిని అమ్మకానికి పెట్టాడు. అతని కొడుకు 1897లో హెర్న్‌హూట్ ఊళ్లో నక్షత్రాల కర్మాగారం పెట్టాడు. హెర్న్‌హూట్ నక్షత్రం అనే పేరు అలా వచ్చింది. దాని గర్భంలో ఉన్న ఘనాకారానికి 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు, మొత్తం 26 ముఖాలు. పైనున్న చతురస్రాన్ని వేలాడదీయడానికి వదిలేసి మిగతా 25 ముఖాల మీద 25 కొమ్ములు నిలబెడతారు.

నీస్కీ బడి నక్షత్రాలు చేయిస్తున్న కాలంలోనే జర్మన్ విద్యావేత్త ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి తెరిచాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం, నానిన బఠాణీల్లో పుల్లలు గుచ్చి చట్రాలు కట్టడం అతని పద్ధతిలో కాలక్షేపం పనులు కావు, రోజువారీ చదువు. నాలుగు కాగితపు పట్టీలతో అల్లే ఒక క్రిస్మస్ నక్షత్రానికి జర్మన్లు నేటికీ అతని పేరే పెట్టి పిలుస్తారు.

ఈ దారి మన వైపుకూ త్వరగానే వచ్చింది. టి. సుందరరావు 1893లో మద్రాసులో ప్రచురించిన కాగితం మడతల జ్యామితి పుస్తకానికి ప్రేరణ ఫ్రోబెల్ బడుల్లో పిల్లలకిచ్చే రంగు కాగితాల పెట్టె. స్కేలు, వృత్తలేఖిని లేకుండా మడతలతోనే సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి రాబట్టవచ్చని ఆయన వరసగా చూపించాడు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని మెచ్చుకోవడంతో 1901లో అమెరికాలోనూ అచ్చయింది. ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడొకాయన రాసిన పుస్తకం అక్కడి గణితశాస్త్రజ్ఞుల బల్లమీదికి చేరిందన్న ముచ్చట మన డీఎడ్ కళాశాలల్లో ఎందుకో వినిపించదు.

తెలుగు బడుల్లో చేతిపని

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సమావేశం చేతివృత్తి కేంద్రంగా చదువు సాగాలని తీర్మానించింది. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన వేసిన సంఘం ఆ ఊహకు పాఠ్యక్రమం తయారుచేసింది. తర్వాత కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్నే సమాజోపయోగ ఉత్పాదక పనిగా మార్చింది. పేర్లు మారినా, టైంటేబుల్‌లో ఆ పీరియడ్‌ను లెక్కల సారు తీసుకోవడం మాత్రం మారలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో నిజంగా తరగతి గది రూపం మార్చిన ప్రయత్నం బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఏపీపీఈపీ. 1984లో ప్రయోగ దశ మొదలై, 1989 నుంచి అన్ని జిల్లాలకూ విస్తరించి, 1996 దాకా సాగింది. దాని ఆరు సూత్రాల్లో చేసి నేర్చుకోవడం, జట్టుగా పనిచేయడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం ఉన్నాయి. పిల్లలు చేసినవాటిని గోడకు అంటించి, దారానికి వేలాడదీసే అలవాటు మన ప్రాథమిక పాఠశాలల్లో బలపడింది ఆ రోజుల్లోనే. అయితే ఆరు సూత్రాల్లో చివరిదైన ప్రదర్శన అధికారుల కంటికి వెంటనే ఆనుతుంది. చేసి నేర్చుకోవడం ఆనదు. అందుకే చాలాచోట్ల ప్రదర్శన నిలిచింది, మిగతావి జారిపోయాయి. సెమీ క్రిస్మస్ అలంకరణల్లో ఇవాళ కనిపించే లోపం కూడా ఇదే. ముఖ్య అతిథి వచ్చే ముందు రోజు సాయంత్రం టీచర్లు కూర్చుని అంతా అంటించేస్తారు. పొద్దున పిల్లలు వచ్చి ఫొటో దిగుతారు.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణల ద్వారా చదువు సాగాలని స్పష్టంగా చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులుగా పాటించాలని సూచించింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు పట్టుబడాలన్నది దాని లక్ష్యం. అలంకరణ పనికి ఇక్కడ చోటు వెతుక్కోవాల్సిన పనిలేదు. కాగితపు గొలుసే అందుకు ఉదాహరణ.

గొలుసు: అంచనా పాఠం

గొలుసు అందరికీ తెలిసిందే. పట్టీని చుట్టి అంటించి, రెండో పట్టీని దాంట్లోంచి దూర్చి మళ్లీ అంటిస్తారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ అన్న వరస చాలు. పదేసి వలయాలకు రంగు మార్చమంటే పదుల స్థానం గోడమీద వేలాడుతుంది. వంద వలయాల గొలుసు ఎదురుగా ఉంటే 37 ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలరు.

నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి ఇదే గొలుసు చిక్కు లెక్క అవుతుంది. గది గోడ పొడవు 6 మీటర్లు అనుకుందాం. ఏ4 కాగితాన్ని 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా అడ్డంగా కోస్తే ఒక్కో కాగితానికి 9 పట్టీలు వస్తాయి, ఒక్కోటి 21 సెంటీమీటర్ల పొడవు. అంటించడానికి 2 సెంటీమీటర్లు పోతే చుట్టుకొలత 19. వలయం గుండ్రంగానే ఉంటే అడ్డుకొలత 6 సెంటీమీటర్లు, అంటే గోడకు 100 వలయాలు కావాలి. గొలుసును గట్టిగా లాగితే వలయం నలిగి 9.5 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అప్పుడు 64 చాలు. నిజమైన జవాబు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పది వలయాలు చేసి కొలిచి చూస్తే తప్ప తేలదు. ఎన్ని కాగితాలు కొనాలో పిల్లలే చెప్పాలని పట్టుబడితే, ఎక్కువలో ఎక్కువ 12 కాగితాలు సరిపోతాయన్న లెక్క వాళ్ల నోటినుంచే వస్తుంది. పాఠ్యపుస్తకంలోని లెక్కలకు ఒకే జవాబు ఉంటుందని నమ్మే పిల్లలకు ఇది కొత్త అనుభవం.

ముడిలోంచి వచ్చే నక్షత్రం

ఈ ప్రాంతపు బడుల్లో ఎక్కువగా చేసేది ఐదు కొమ్ముల నక్షత్రం. దాదాపు ప్రతిచోటా టీచరు అట్టమీద గీసిచ్చిన అచ్చును పిల్లలు చుట్టూ గీసి కత్తిరిస్తారు. నలభై నక్షత్రాలు, నలభైకీ ఒకే ముఖం. అచ్చు లేకుండా చేసే పద్ధతి ఒకటుంది, అది ఇంకా తేలిక.

సంక్రాంతికి ముందు కాబట్టి దుకాణాల్లో పతంగి కాగితం దొరుకుతుంది. దాన్ని సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు, జానెడు పైన పొడవున్న పట్టీగా కొయ్యాలి. తాడుకు వేసినట్టే పట్టీకి మామూలు ముడి ఒకటి వేసి, లాగకుండా, నలపకుండా, వేళ్లతో మెల్లగా సర్దుతూ చదును చెయ్యాలి. తొందరపడితే పట్టీ చిరుగుతుంది. పిల్లలు మొదట్లో రెండు మూడు చింపుతారు, చింపనివ్వాలి. ముడి బల్లమీద చదునుగా పడుకున్నాక చూస్తే అయిదు భుజాలు సమానంగా ఉన్న పంచభుజి. స్కేలు పెట్టలేదు, కోణం కొలవలేదు. ఇప్పుడు పొడుగ్గా మిగిలిన కొసను ముడి మీదుగా వెనక్కి మడిచి కిటికీ దగ్గర వెలుగుకు అడ్డం పెడితే, కాగితం పొరలు ఎక్కువైన చోట ముదురు గీతలు పడి పంచభుజి కడుపులో అయిదు కొమ్ముల నక్షత్రం కనిపిస్తుంది. పైకి పంచభుజే, వెలుతురుకు పట్టుకుంటేనే నక్షత్రం. పిల్లలు గోల చేసేది ఈ క్షణంలోనే, వాళ్లను అదుపు చెయ్యాల్సిన అవసరం లేదు.

ఏడు, ఎనిమిది తరగతులవాళ్లు ఇక్కడినుంచి ముందుకు పోవచ్చు. పంచభుజి లోపలి కోణం 108 డిగ్రీలు, నక్షత్రపు కొమ్ము 36 డిగ్రీలు, అయిదు కొమ్ములూ కలిపితే 180. త్రిభుజం కోణాల మొత్తం కూడా అంతే కావడం యాదృచ్ఛికమా అని అడిగితే రెండు పీరియడ్ల చర్చకు సరిపోతుంది. పట్టీ ఇంకా పొడుగ్గా ఉంటే మిగిలిన కొసను పంచభుజి చుట్టూ చుట్టేసి, అయిదు పక్కల్నీ గోటితో లోపలికి నొక్కితే ఉబ్బిన చిన్న నక్షత్రం తయారవుతుంది. ఒక సెంటీమీటరు వెడల్పు, పాతిక సెంటీమీటర్ల పొడవు పట్టీ దానికి చాలు. నిండిపోయిన నోటుబుక్కుల అంచులు దీనికి చక్కగా పనికొస్తాయి.

రంగు కిటికీ

మెదక్ చర్చి కిటికీలను గుర్తు చేసే కృత్యం ఇది. నల్ల చార్టు మీద పిల్లలు తమ బొమ్మ గీసుకుంటారు. అది నక్షత్రమో గొర్రెపిల్లో గోపురమో కావచ్చు. గీతలకు రెండు వైపులా వేలెడు మందం వదిలి, మధ్య భాగాలు కోసేసి, వెనకనుంచి పతంగి కాగితం ముక్కలు అంటిస్తారు. కోసేసిన తరువాత నల్ల చట్రమంతా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి, లేదంటే ఊడి చేతికొస్తుంది. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ వదలాలో ముందే ఊహించుకోవడం ఇందులో కష్టమైన భాగం. చట్రం తెగిపోయిన పిల్లవాడు రెండోసారి గీసేటప్పుడు గీతను ఎలా కలుపుతాడో చూస్తే అతను ఏం నేర్చుకున్నాడో తెలుస్తుంది.

అంటించడానికి ఫెవికాల్ కొనక్కర్లేదు. పతంగులు అంటించుకునే పిల్లలకు మెతుకుల సంగతి తెలుసు. మధ్యాహ్న భోజనం అన్నం నాలుగు మెతుకులు వేలితో నలిపితే పతంగి కాగితానికి అంతకంటే మంచి జిగురు లేదు, ముడతలు కూడా పడవు. అట్టకు మాత్రం మైదాపిండి లై కావాలి. ఒక వంతు పిండికి నాలుగైదు వంతుల నీళ్లు పోసి, ఉండకట్టకుండా కలుపుతూ సన్నమంట మీద కాస్తే తెల్లదనం పోయి నిగనిగలాడుతుంది, అప్పుడు దించాలి. పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, బడిలో కలపకూడదు. ఒక రోజుకు సరిపడా కాచుకుంటే చాలు.

కిటికీ అద్దానికో ఊచలకో కట్టాక అసలు పాఠం మొదలవుతుంది. నల్ల చార్టు వెలుగును ఆపేస్తుంది, పతంగి కాగితం కొంత పోనిస్తుంది, అద్దం పూర్తిగా పోనిస్తుంది. పుస్తకంలో అపారదర్శక, పాక్షిక పారదర్శక, పారదర్శక పదార్థాలు అని ఉన్న మూడు మాటలూ ఒకే కిటికీలో పక్కపక్కనే ఉంటాయి. ఎర్ర కాగితం గుండా వచ్చిన వెలుగు గచ్చుమీద ఎర్రని మచ్చగా పడుతుంది. ఉదయం ఆ రంగు మచ్చ ఎక్కడ పడిందో సుద్దతో గుర్తుపెట్టి, మధ్యాహ్నం మళ్లీ చూస్తే సూర్యుడి నడక కూడా తెలిసిపోతుంది.

పెద్ద తరగతులకు

హెర్న్‌హూట్ నక్షత్రం గర్భంలోని ఘనాకారాన్ని ఫ్రోబెల్ పద్ధతిలో కట్టొచ్చు. రాత్రి నానబెట్టిన బఠాణీలు, సమానంగా విరిచిన చీపురు పుల్లలు ఉంటే చాలు. 24 శీర్షాలకు 24 బఠాణీలు, 48 అంచులకు 48 పుల్లలు పడతాయి. 24లోంచి 48 తీసి 26 కలిపితే 2 వస్తుందన్న ఆయిలర్ సూత్రాన్ని పిల్లలు గింజలు లెక్కపెట్టి సరిచూసుకుంటారు. కానీ ఈ చట్రం గట్టిగా నిలబడదు. చతురస్రాలు ఊగుతాయి, త్రిభుజాలు ఊగవు. చతురస్రంలో మూలకు మూల అడ్డపుల్ల పెడితే ఊగడం ఆగుతుంది. రోడ్డు పక్కన సెల్‌టవర్లలో త్రిభుజాలు ఎందుకుంటాయో ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేదు. పూర్తి నక్షత్రం ఒక్కరి పని కాదు, ఆరుగురి జట్టుకు రెండు రోజులు పడుతుంది.

నక్షత్రంలో దీపం పెట్టడం ఆరో తరగతి విద్యుత్ వలయం పాఠానికి సరిపోతుంది. ఒకటిన్నర వోల్టుల సెల్లులు రెండు, ఒక ఎల్‌ఈడీ, కొద్దిగా తీగ కావాలి. ఎల్‌ఈడీ పొడుగు కాలు ధన ధ్రువానికి కలపాలి. తిప్పి కలిపితే వెలగదు, మామూలు బల్బైతే ఎటు కలిపినా వెలుగుతుంది. ఆ తేడా పిల్లలకు తట్టేదాకా ఆగాలి. కాయిన్ సెల్లు చిన్న తరగతుల దగ్గర ఉంచకూడదు, మింగితే ప్రాణాపాయం. ఇళ్ల ముందు వెదురు బద్దల నక్షత్రంలో కరెంటు బల్బు పెట్టే పాత అలవాటులో కాగితం అంటుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. బడిలో అది వద్దు.

ఊళ్లో దొరికే సరుకు

హైదరాబాదు బేగంబజారులో, సికింద్రాబాదు జనరల్ బజారులో దొరకని క్రిస్మస్ సామాను లేదు. తయారైన నక్షత్రం కొనుక్కుంటే పండుగ అవుతుంది, పాఠం కాదు. చేగుంట చుట్టుపక్కల డిసెంబరులో వరిగడ్డి కొత్తది. నీళ్లలో నానబెట్టి, గోటితో చీల్చి, బరువు కింద చదును చేసిన గడ్డిపోచలతో జర్మనీ పల్లెల్లో కట్టే గడ్డి నక్షత్రాల్లాంటివి ఇక్కడా కట్టొచ్చు. గోధుమ, రై గడ్డి కంటే వరిగడ్డి మెత్తన కాబట్టి రెండేసి పోచలు కలిపి కట్టుకోవాలి. ఎండిన మక్కజొన్న పొత్తుల పొరలను తడిపి, మడిచి, నడుముకు దారం కడితే దేవదూత బొమ్మ నిలబడుతుంది. జొన్న బెండుతో బండి కట్టుకున్న తాతలు ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లలో ఒకరిని బడికి పిలిస్తే పాక కట్టే పని వాళ్లు చూసుకుంటారు. మోదుగాకు విస్తరిని పుల్లలతో కుట్టినట్టే పచ్చి ఆకులను గుండ్రంగా కుట్టుకుంటూ పోతే తలుపుకు తగిలించే దండ అవుతుంది. బతుకమ్మ పేర్చిన చేతులకు గుండ్రంగా రంగులు పేర్చడం కొత్తగా నేర్పాల్సింది కాదు.

పశువుల పాకకు మరో కథ ఉంది. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో సెయింట్ ఫ్రాన్సిస్ నిజమైన పశువులతో పాక ఏర్పాటు చేయించాడు. బొమ్మలతో పాక పెట్టే ఆచారానికి అదే మూలమని చెబుతారు. బైబిలులో లూకా తొట్టి గురించి చెప్పాడు, ఎద్దు, గాడిదల పేరు ఎత్తలేదు. అవి తర్వాతి కాలంలో చేరినవి. కనుక చేగుంట పిల్లలు చెరువు మట్టితో బర్రెను చేసి తొట్టి పక్కన నిలబెడితే తప్పని దిద్దడానికి ఆధారం లేదు. బొమ్మల కొలతల్లో నిష్పత్తి మాత్రం అడగాలి. గొర్రె కంటే తొట్టి పెద్దది కాకూడదు, మనిషి తలుపులోంచి లోపలికి పట్టాలి.

క్రిస్మస్ చెట్టుమీద మంచు పేరిట దూది అతికించడం ఒక ఆనవాయితీ. చేగుంట పిల్లలు మంచు కురవగా చూసింది లేదు, పత్తి చేను చూడని పిల్లలు తక్కువ. దూది ఎక్కడినుంచి వచ్చిందో మాట్లాడితే సాంఘిక శాస్త్రమవుతుంది. మంచు అని మాత్రం చెప్పి ఊరుకుంటే అది సినిమా సెట్టింగు.

కత్తెర, చేతులు

చేగుంట, రామాయంపేట, దుబ్బాక వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. తునికాకు మీద రేకు అచ్చు పెట్టి కత్తెరతో చకచకా కొయ్యడం అక్కడి పిల్లలు చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగిందే. కత్తెర పట్టే తీరు, ఆకు తిప్పుతూ కొయ్యడం కొందరికి ముందే వచ్చి ఉంటుంది. జట్లు వేసేటప్పుడు ఈ నేర్పును గౌరవించడం మంచిది. ఎప్పుడూ ‘వెనకబడిన’ లెక్కలోకి వచ్చే పిల్ల ఈ ఒక్క పీరియడ్‌లో మిగతావాళ్లకు నేర్పుతుంది. అయితే 1986 బాలకార్మిక చట్టం పిల్లలచేత బీడీ పని చేయించడాన్ని నిషేధించింది. ఆమె నేర్పును మెచ్చుకోవడం ఎంత అవసరమో, ఇంటి దగ్గర ఆ చేతులు ఎన్ని గంటలు ఆ పనిలో ఉంటున్నాయో కనుక్కోవడం అంతే అవసరం. ఇంకో చిన్న సంగతి. ఎడమచేతివాటం పిల్లలు మామూలు కత్తెరతో కోస్తే గీత కనబడదు, కాగితం నలుగుతుంది. చేతకాలేదని వాళ్లను తిట్టడం అన్యాయం. చిన్న తరగతులకు మొన మొద్దుబారిన కత్తెరలే ఇవ్వాలి. అంగన్‌వాడీ పిల్లలకు కత్తెరే వద్దు. వేళ్లతో కాగితం చింపి అతికించడం వాళ్ల వేళ్లకు చాలినంత వ్యాయామం, పలక మీద బలపం పట్టు దాంతోనే కుదురుతుంది.

సర్కారు బడిలో మత పండుగ

ప్రభుత్వ పాఠశాలలో క్రిస్మస్ ఏమిటన్న ప్రశ్న తల్లిదండ్రుల సమావేశాల్లో వస్తుంది. రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధనను నిషేధిస్తోంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న ఇతర సంస్థల్లో కూడా పిల్లల పెద్దల సమ్మతి లేకుండా మత బోధనలో, ఆరాధనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. నక్షత్రం మడవడం మత బోధన కాదు. ప్రార్థన చేయించడం, పాట పాడాల్సిందేనని పట్టుబట్టడం ఆ గీత దాటుతాయి. బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్ మూడింటికీ తరగతి గదిలో చేతిపని ఉన్న బడిలో ఈ ప్రశ్న పెద్దగా రాదు. ఒక్క పండుగకే ఉంటే ఏ పండుగకైనా వస్తుంది, రావాలి కూడా. మిషన్ బడుల్లో ఆరాధన సంగతి వేరు, అక్కడ చేరే కుటుంబాలకు అది తెలిసిందే. అక్కడ కూడా చేతిపని పీరియడ్‌ను ఆరాధననుంచి విడిగా ఉంచితే చదువు దృష్టిలో లాభమే.

చెత్త

2022 జులై 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధ జాబితాలో అలంకరణకు వాడే థర్మాకోల్ ఉంది, ప్లాస్టిక్ జెండాలు ఉన్నాయి. థర్మాకోల్ పాకలు, థర్మాకోల్ గోపురాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయంటే చట్టం బడి గేటు దాటి లోపలికి రాలేదనుకోవాలి. అట్టపెట్టెలతో గోపురం నిలబెట్టడం కష్టం, అందుకే అందులో నేర్చుకునేది ఎక్కువ. చమ్కీ పొడి కూడా సన్నని ప్లాస్టిక్కే. ఐరోపా సంఘం 2023 అక్టోబరునుంచి విడి చమ్కీ పొడి అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. గచ్చుమీద పడితే ఊడ్చినా పోదు, కడిగితే కాలువలోకి పోతుంది. మెరుపు కావాలంటే చాక్లెట్ల రేకు కాగితం దాచుకోవడం మేలు.

అలంకరణలు ఎప్పుడు తీస్తారన్నది చాలా బడుల్లో ఎవరూ పట్టించుకోని విషయం. సంక్రాంతి సెలవులకు ముందు తీసేసే పని కూడా పిల్లలకే అప్పగించవచ్చు. పతంగి కాగితం ముక్కల్లో పెద్దవి పతంగుల తోకలకు పోతాయి. బఠాణీల చట్రం అప్పటికి ఎండి గట్టిపడి ఉంటుంది, లెక్కల బీరువాలో పెడితే మరుసటి ఏడు ఘనాకారాల పాఠానికి ఉంటుంది. సుతిలి తాడును ముడులు విప్పి ఉండ చుట్టి పెట్టుకుంటే జనవరి 26 జెండా కాగితాలు అంటించడానికి మళ్లీ కొనక్కర్లేదు. మిగిలిన పచ్చ కాగితం కూడా అప్పటికి పనికొస్తుంది, కాషాయం, తెలుపు మాత్రం తెచ్చుకోవాలి.